వంటింట్లో కుదిరిన లీడ్

మా బాబాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ళ ముక్కు మీద అద్దాలు మారుస్తూ “ఇది బాగుందా, ఇందాకటిదా?” అని అడగడమే ఆయన పని. ఇంటికొచ్చాక కూడా ఆ నోరు ఊరుకోదు. ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని, ముందుగదిలో గిటార్ మోత పెంచే ఆంప్ పెట్టె పక్కన స్టూలేసుకుని కూర్చుంటాడు. ఒక నాబ్ తిప్పుతాడు, నాలుగు స్వరాలు వాయిస్తాడు, వంటింటి వైపు తిరిగి “ఇది బాగుందా, ఇందాకటిదా?” అంటాడు. పిన్ని గరిటె ఆపకుండానే తీర్పు చెబుతుంది.

పిన్నికి గరుకు శబ్దం గిట్టదు. ఆవిడ తీర్పులన్నీ నెత్తిన పెట్టుకుని, పాట మధ్యలో ఒంటరిగా వాయించే బాబాయి లీడ్ శబ్దం చివరికి ఒకచోట కుదురుకుంది. తీగల శబ్దాన్ని పట్టే పికప్ మీట గిటార్ మెడ వైపుకి, కింది స్వరాల బాస్ నిండుగా, నడిమి స్వరాల మిడ్ బాగా తగ్గించి, పైన కాస్త గుడిలో మోగినట్టుండే రివర్బ్. ఆ గదిలో కూర్చుని వింటే, ఒట్టు, ప్రాణం లేచొస్తుంది.

చిక్కల్లా ప్రోగ్రాంలు జరిగే హాల్లోనే. బాబాయి గిటార్ వాయించే పాటల బృందంలోనే నేను డ్రమ్స్ వాయిస్తాను. నాకు ఓపిక తక్కువ. పాట మధ్యలో బాబాయి కళ్ళు మూసుకుని ఒళ్ళు మరిచి లీడ్ వాయిస్తుంటే, జనం హాయిగా కబుర్లు చెప్పుకుంటుంటారు. వినపడితే కదా! కింది నిండుతనమంతా బాస్ గిటార్ మింగేస్తుంది, పైన మిగిలిన కాస్త మెరుపూ నా ఇత్తడి సింబల్స్ పాలు. వాల్యూమ్ పెంచితే హోరు పెరుగుతుందంతే. మిడ్ పెంచు మహాప్రభో అని నేను మొత్తుకుంటే, “మీ పిన్నికి నచ్చదే” అనేవాడు. ఇలాంటి మనిషితో ఏం వేగుతాం?

చివరికి బృందాన్ని నడిపే పాటగాడు తేల్చి చెప్పేశాడు.

“అన్నా, ఏమీ అనుకోకు. ఈసారి ప్రోగ్రాంలో లీడ్ కీబోర్డుకి ఇచ్చేద్దాం. నువ్వు వెనక తోడుగా కార్డ్స్ వాయించు చాలు.”

“సరేలే తమ్ముడూ,” అన్నాడు బాబాయి. గిటార్ సంచికి జిప్ వేయడానికి మాత్రం ఆయనకు చాలాసేపు పట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది, పాటగాడి మీద కాదు, ఈయన మీద. తిన్నగా ఆయన వెంటే ఇంటికెళ్ళి పిన్నితో పేచీ పెట్టుకున్నాను.

“పిన్నీ, నీ చెవులకి నచ్చాలని ఈయన లీడ్ పోగొట్టుకుంటున్నాడు తెలుసా?”

జరిగింది విని పిన్ని పొయ్యి ఆర్పేసింది. నన్ను వదిలేసి ఆయన్ని పట్టుకుంది. “ఏవండీ, కొత్త కళ్ళజోడు పెట్టాక దుకాణంలోని అక్షరాల బోర్డు చదివించి అలాగే పంపేస్తారా?”

“ఎలా పంపుతాను? గుమ్మం బయట నిలబెట్టి వీధి చివరి దాకా చూడమంటాను. దుకాణంలో అందరికీ బాగానే కనిపిస్తుంది.”

“మరి నన్నెప్పుడైనా గుమ్మం దాటించి వినమన్నారా?”

“అయితే రిహార్సల్‌కి రా,” అన్నాడు బాబాయి.

ప్రోగ్రాంకి ముందు రిహార్సల్‌కి పిన్ని వచ్చింది. ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని చిట్టచివరి కుర్చీలో కూర్చుంది. మేం పాట ఎత్తుకున్నాం. బాబాయి ముందు ఇంట్లో కుదిరిన లీడే వాయించాడు. పిన్ని తల అడ్డంగా ఊపింది. పికప్ మీట తీగలు బిగించిన బ్రిడ్జి వైపుకి మార్చాడు, బాస్ తగ్గించాడు. మళ్ళీ అడ్డంగానే. గరగర తెచ్చే గెయిన్ తగ్గించి మిడ్ పెంచుతూ పోయాడు. ఒంటరిగా వింటే జలుబు చేసిన గొంతులా ఉండే ఆ శబ్దం, మా అందరి మోతలోంచి తల పైకెత్తి నిలబడింది. ఇదే అన్నట్టు పిన్ని చెయ్యి లేచింది.

“ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావన్నా?” అన్నాడు పాటగాడు. లీడ్ మళ్ళీ బాబాయిదయింది. ప్రోగ్రాంలో ఆయన వాయిస్తుంటే వెనక వరసల కబుర్లు ఆగిపోయాయి. ఆ సంతోషంలో నేను తాళం పరిగెత్తించి పాటగాడి చేత చీవాట్లు తిన్నాను. తింటే తిన్నాను!

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికెళ్ళాను. బాబాయి నాబ్‌ల జోలికి పోకుండా, స్టేజీ మీద ఎలా ఉన్నాయో అలాగే మొదలుపెట్టాడు. చిన్నగదిలో చెవులు గీరుకుపోయాయి. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎన్నడూ ఆ ఆంప్‌ని ముట్టని మనిషి వంగి మిడ్ తగ్గించింది, బాస్ పెంచింది, ఆయన ఒళ్ళోని గిటార్ మీద పికప్ మీట కూడా మెడ వైపుకి తోసేసింది.

“అక్కడ అందరికీ వినపడాలి. ఇక్కడ వినేది నేనొక్కదాన్నేగా,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బాబాయి వాయించడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం ఆయన ఏమీ అడగలేదు.