ముల్లు లేచిన పాపం

మా రోజుల్లో జహీరాబాద్‌లో సొంత కారున్న మనిషి మాటకు ఎదురుండేది కాదు. మనుషులే కాదు, ఆ కారు కూడా ఎదురు చెప్పకూడదు. ఈ సంగతి తెలియక నేను చేతికందిన ఉద్యోగం పోగొట్టుకున్నాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా మేనమామకు చెరకు తోటలూ, అల్లం తోటలూ, ఒక పాత కారూ ఉండేవి. (కారు వయసు నాకంటే ఎక్కువ. ఆ ఇంట్లో మర్యాద కూడా దానికే ఎక్కువ.) ఇంజన్ వేడి చూపించే మీటరు ముల్లు ఏళ్ల తరబడి, చల్లగా ఉందని చెప్పే 'సి' అక్షరం మీద పడుకుని ఉంది. నేను ఐటీఐ పాసై ఖాళీగా తిరుగుతుంటే మామ ఒకరోజు, "ఆ ముల్లును లేపురా అల్లుడా. లారీల షెడ్డు సేఠ్‌కు చెప్పి నిన్ను మెకానిక్‌గ పెట్టిస్త" అన్నాడు.

హైదరాబాద్ పోయి సెండర్ తెచ్చాను. ఇంజన్ నీళ్లలో మూతి పెట్టి, అవి ఎంత కాగాయో తీగ ద్వారా ముల్లుకు చెప్పే ఇత్తడి ముక్క అది. బిగించే ముందు తీగలు కట్టి, అత్తయ్య కాచిన చాయ్‌లో ముంచి చూశాను. ముల్లు మెల్లగా లేచింది. (ఆ చాయ్ ఎవరూ తాగలేదు.) రేడియేటర్ నీళ్లు కొంచెం వదిలి, పాతది విప్పి, మరలు తోమి, రాగి వాషర్ వేసి కొత్తది బిగించాను. మరలకు దారం చుట్టమని దారిన పోయేవాళ్లంతా సలహా ఇచ్చారు. దారం చుడితే ఎర్త్ అందక ముల్లు లేవదని ఒక్కడికీ తెలియదు! నేను చుట్టలేదు, చుక్క నీరు కారలేదు.

మర్నాడు నా పనితనం చూపిద్దామని సేఠ్‌ను వెనక కూర్చోబెట్టుకుని, మామ కారు నడుపుతుంటే న్యాల్‌కల్ రోడ్డు పట్టాం. సగం దూరంలో ముల్లు ఎర్రగీత దాటింది. రేడియేటర్ పూడిపోయిందని, బండి ఆపమని మొత్తుకున్నాను. చాయ్ పరీక్ష సంగతి కూడా చెప్పాను.

"పదేండ్ల సంది ఈ బండి ఎన్నడన్న వేడైందా? నువ్వు గది బిగించినంకనే గిట్లైంది. చాయ్‌ని చూసి గూడ లేసేదాన్ని ఎట్ల నమ్ముతంరా?" అన్నాడు మామ.

దిగి, బానెట్ ఎత్తి, తీగ పీకేశాడు. ముల్లు మళ్లీ 'సి' మీద పడుకుంది. "సూడు, సల్లబడ్డది" అన్నాడు. పొద్దస్తమానం ఇంజన్ల మధ్య బతికే సేఠ్ కూడా తలూపాడు. (మామ చెరకు తోలేది ఆయన లారీల్లోనే మరి.)

రెండు మైళ్లు పోయామో లేదో, బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. కారు అక్కడే ఆగిపోయింది. ఆ ఎండలో నడిచి వస్తూ దారి పొడవునా ఇద్దరూ నన్నే తిట్టారు. నా హస్తవాసి మంచిది కాదట! సేఠ్ నన్ను షెడ్డు గడప తొక్కనియ్యలేదు. తప్పు ఎవరిది, మీరే చెప్పండి.

మొన్న మా అబ్బాయి బీపీ చూసే మిషన్ తెచ్చి నా చేతికి పట్టీ చుట్టాడు. అంకె చూసి వాడి ముఖం మాడిపోయింది. నాకు కోపం ఆగలేదు. "ఈ మిషన్ రాకముందు నాకు బీపీ ఉండెనా? తియ్యిరా దాన్ని" అని కసిరాను.

నా భార్య ఆ మామ కూతురే. గుమ్మంలో నిలబడి, "మా నాయిన పోయిండనుకున్న" అంది.

అబ్బాయి తెచ్చిచ్చిన గోలీ వేసుకున్నాను. మామను ఆ పూటే క్షమించాను. సేఠ్‌ను మాత్రం ఇంకా క్షమించలేదు.