దేనికీ పనికిరాని బీడు

రోజూ పెనుకొండలో ప్యాసింజర్ ఎక్కి హిందూపురం కాలేజీకి పోతాను. ఫిజిక్స్ చెబుతాను. ఎకనామిక్స్ మేడమ్ ధర్మవరంలోనే ఎక్కి నాకు సీటు ఆపి ఉంచుతుంది. పోయిన ఎండాకాలం ఒకరోజు, అంతరిక్షంలో సోలార్ పలకలు పెట్టి కరెంటు కిందికి పంపుతారట, నిజమేనా అని అడిగింది.

"సాధ్యమే. పైన మబ్బులుండవు, రాత్రీ దాదాపు ఉండదు. కానీ అంత బరువు రాకెట్లలో మోయాలి. చెడిపోతే బాగుచేయడానికి మళ్లీ పైకే పోవాలి. ఆ ఖర్చుతో ఇక్కడ ఎన్నో రెట్లు పలకలు పరచొచ్చు. మనకు ఎండకు కొదవ లేదు. నేలంటారా, దేనికీ పనికిరాని బీడు, చవగ్గా దొరుకుతుంది" అన్నాను.

ఎదురు సీటులో కొంగు కప్పుకుని కూర్చున్నామె మా వైపు ముఖం తిప్పింది. మా ఊరి ఆమే. నేను పుట్టకముందు నుంచీ మా బీట్లో గొర్రెలు మేపుకున్న మనిషి. ఆ బీడును నాయన సోలార్ కంపెనీకి లీజుకిచ్చాడు. కంచె పడేదాకా ఆమెకు మేమెవరమూ ఒక్క మాట చెప్పలేదు.

"బాగుండావా పాపా?"

"ఆ... యాడికక్కా?"

"గార్మెంట్సుకు పోతాండా. గొర్లు అమ్మేస్తిమి కదా." మళ్లీ తనే అడిగింది. "నువ్వు చెప్తాంటివే, పైన పెడితే కింద నేల మిగులుతాదా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

"అంతా మిగలదక్కా. పైనుంచి వచ్చేదాన్ని పట్టుకునేదానికీ ఈడ శానా జాగా కావల్ల."

"అదీ బీడేనా?"

నా చెవులు కాలిపోయాయి. మేడమ్ కిటికీ వైపు తిరిగింది. హిందూపురం వచ్చేదాకా ఒళ్లోని బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాను.

సాయంత్రం నాయనతో అన్నాను: "వానలకు పలకల కింద గడ్డి మొలుస్తాది. గొర్లను లోపలికి వదలనియ్యమని కంపెనీవాళ్లను అడుగు."

"లీజు రాసేటప్పుడు నువ్వూ పక్కనే ఉంటివి. అప్పుడు గుర్తు రాలేదా ఆయమ్మ?" అన్నాడు నాయన. అన్నాడే గానీ, పోయి అడిగాడు. వానాకాలంలో వదలొచ్చని వాళ్లు ఒప్పుకున్నారు.

ఆ మాట చెప్పడానికి గబగబా ఆమె ఇంటికి పోయాను.

"సంతోషం పాపా" అంది. "గొర్లు యాడుండాయి ఇప్పుడు?"

మళ్లీ కొనడానికి సాయం చేస్తామన్నాను. వద్దంది. ఆ నడకకు, ఎండకు ఇంక ఒళ్లు సహకరించదంది. తాగడానికి మజ్జిగ ఇచ్చింది.

రైల్లో ఇప్పటికీ ఒకే పెట్టెలో ఎదురుపడుతుంటాం. ముందుగా పలకరించేది ఆమే.