చనిపోయాక ఏడేళ్లు వచ్చిన ఉత్తరాలు

2021 ఫిబ్రవరి. హాంబర్గ్‌లో లాక్‌డౌన్ నడుస్తోంది. రేవు వైపు నుంచి వీచే గాలికి మా కిటికీ అద్దాలు రోజంతా సన్నగా అదురుతుండేవి. ఆర్కైవ్‌లలో చదువుకునే గదులు మూసేశారు. స్టాండెస్‌ఆమ్ట్‌లో, అంటే జనన మరణాలు నమోదుచేసే ఆఫీసులో, అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టేది. నా పనంతా వంటింటి బల్ల మీదికి వచ్చేసింది.

నేను ఇక్కడ కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకురాలిని. దానితోపాటు, కుటుంబాల కోసం పాత మరణ రికార్డులు వెతికి తెప్పిస్తుంటాను. జర్మనీ మొత్తానికి ఒకే కంప్యూటర్ ఉంటుందని, పేరు కొడితే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. మనిషి ఎక్కడ బతికాడన్నది కాదు, ఎక్కడ చనిపోయాడో ఆ ప్రాంతపు ఆఫీసులోనే మరణం నమోదవుతుంది. ముప్పై ఏళ్లు దాటితే ఆ రిజిస్టరు ఆర్కైవ్‌కి వెళ్తుంది, ఎవరైనా అడగొచ్చు. అప్పటిదాకా భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువుల్లాంటి దగ్గరివాళ్లకే ఇస్తారు. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎక్కడ, ఏ సంవత్సరం?

వసుంధరగారు రాజమండ్రి నుంచి ఫోన్ చేసినప్పుడూ అదే అడిగాను. ఆవిడకి అరవై ఏళ్లుంటాయి, రిటైరైన టీచరు.

"మా బాబాయండీ, వెంకటరత్నం. ఓడల ఇంజనీరుగా అరవై రెండులో వచ్చాడు మీ ఊరు. ఎనభై మూడు దాకా ఉత్తరాలు రాశాడు. ఆ తర్వాత లేదు" అన్నారు. "నాన్నగారికి ఎనభై ఏడు. పోయిన సెప్టెంబరులో పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. తమ్ముడి తిథి కావాలంటారు."

వెనక నుంచి ఓ ముసలి గొంతు గట్టిగా వినిపించింది. "వాడంటే ప్రేమ కాదమ్మా. మా అమ్మ కొడుక్కి ఆబ్దికం పెట్టకుండా పోతే రేపు పైన ఆవిడకి నేనేం చెప్పుకోవాలి?"

ఆయనే సుబ్బారావుగారు. అన్నగారు కనక ఆయన సంతకంతో అధికార పత్రం తెప్పించుకున్నాను. మరణం ఈమధ్యదే అయినా అది పనికొస్తుంది. ఆఖరి ఉత్తరం కవరు మీద హాంబర్గ్‌లోనే ఆల్టోనా అనే పేటలోని ఒక వీధి పేరు ఉంది. 1983 నుంచి వెతకమని ఆర్కైవ్‌కి మెయిల్ పెట్టాను. మూడు వారాల తర్వాత జవాబు: ఆ పేరుతో ఏ నమోదూ లేదు.

అలాంటప్పుడు మేము మెల్డెకార్టె కోసం అడుగుతాం. ఈ దేశంలో ఎవరు ఏ ఇంట్లో చేరినా నగరానికి చెప్పాలి. వెనకటి రోజుల్లో ఆ వివరాలన్నీ ఒక్కో మనిషికి ఒక్కో అట్ట కార్డు మీద రాసేవారు. వేరే ఊరికి వెళ్తే ఆ ఊరి పేరు, చనిపోతే ఆ తేదీ. ఆయన ఎటు వెళ్లాడో కార్డు చెప్తుందని నా ఆశ.

కార్డు స్కాన్ వచ్చింది. చివరి గడిలో నీలం సిరాతో రాసి ఉంది. చనిపోయారు, 1976 జనవరి.

వేరే మనిషి కార్డు పంపారనుకున్నాను. కానీ పుట్టిన ఊరు రాజమండ్రి. పుట్టిన తేదీ, తండ్రి పేరు అన్నీ సరిపోయాయి. ఆ ఏడాది రిజిస్టరు నకలు అడిగితే అదీ వచ్చింది. మరణ సమయం దగ్గర గంట, నిమిషం లేవు. మూడు రోజుల మధ్య ఎప్పుడో, గదిలో నిర్జీవంగా కనిపించారు అని ఉంది. కారణం రాయలేదు, అక్కడ ఆ గడే లేదు. కబురు ఇచ్చినవారు: ఇంటి యజమానురాలు ఫ్రౌ (శ్రీమతి) హాన్సెన్. "స్వయంగా తెలిసిన విషయమే చెబుతున్నానని ఆమె అన్నారు" అనే ఒక వాక్యం. కింద సంతకం.

వసుంధరగారికి చెప్పగానే ఆవిడకి కోపం వచ్చింది.

"మీరు వెతికింది వేరేవాళ్లనండీ. నా పెళ్లి ఎనభైలో. పెళ్లికి బాబాయి ఉత్తరం రాశాడు. ఆయన దస్తూరీ మా నాన్నగారికి తెలీదా?"

"ఆ ఉత్తరం నాకోసారి పంపగలరా?"

ఆవిడ ఒక్కటే కాదు, ఉన్నవన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. వరుసగా చదువుతూ వచ్చాను. మొదట్లో నిండైన ఉత్తరాలు. షిప్‌యార్డు, మంచు, అన్నం దొరకని బాధ, ఒక జర్మన్ ముసలాయన దగ్గర సైకిల్ కొన్న సంగతి. డెబ్బై ఆరు తర్వాత అవి చిన్నవైపోయాయి. సైకిల్ కొన్నానని మళ్లీ రాశాడు. రెండేళ్ల తర్వాత ఇంకోసారి కొన్నాడు.

పెళ్లి ఉత్తరం దగ్గరికొచ్చి, ఒక వాక్యం రెండుసార్లు చదివాను. పందొమ్మిదేళ్ల పెళ్లికూతురి ఇంటికి వచ్చిన ఆ కాగితంలో, "వసుంధరకి పళ్లొచ్చాయా? పాలు సరిగ్గా తాగుతోందా?" అని ఉంది.

వెంటనే ఫోన్ చేశాను.

"ఔనండీ" అన్నారావిడ, గొంతు తగ్గించి. "తాగి రాశాడనుకున్నాం. పెళ్లివాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాం. అంతకుముందు డెబ్బై ఎనిమిదిలో మా చిన్నత్త పోయింది. పోయిందని రాస్తే, చిన్నక్క మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని జవాబొచ్చింది. ఆ రోజునుంచీ నాన్నగారు ఆయనకి రాయడం మానేశారు. మామ్మే ఎవరిచేతనో రాయించేది."

అరవై రెండునాటి ఉత్తరం తెరిచాను. అదే వాక్యం, అదే పళ్ల ప్రశ్న. రెండు ఫోటోలనూ కంప్యూటర్‌లో ఒకే కొలతకి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఎవరి దస్తూరీ అయినా ప్రతిసారీ కాస్త మారుతుంది. ఇక్కడ గీతకి గీత దాదాపు అతుక్కుపోయింది. కొత్తదానిలో తలకట్లన్నీ అక్షరానికి అంటకుండా, విడిగా, పైన పెట్టినట్టున్నాయి. తెలుగు రాయడం వచ్చినవాళ్లు అలా రాయరు. అది రాసింది కాదు, చూసి గీసింది. డెబ్బై ఆరు తర్వాతి ఉత్తరాలన్నీ అంతే. ఒక్క కొత్త వాక్యం లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి, వెలుతురులో కూర్చుని ఉండి కూడా లేచి వెళ్లి తలుపు గడియ వేసుకొచ్చాను.

రికార్డు తెప్పించి ఇవ్వడంతో నా పని అయిపోయినట్టే. కానీ ఆ సంతకం వదల్లేదు. ఫ్రౌ హాన్సెన్ ఆచూకీ కోసం నగర రిజిస్టరులో విచారిస్తే, బతికే ఉన్నారు, వృద్ధుల ఆశ్రమంలో. అక్కడికి ఉత్తరం రాశాను. వారం తర్వాత ఆమె కూతురు బిర్గిట్ ఫోన్ చేసింది.

"మీరు ఎప్పటికైనా రాస్తారనుకుంటూనే ఉన్నాను" అంది. "మీరంటే మీరే కాదు, ఎవరో ఒకరు."

ఆమె చెప్పింది ఇది. డెబ్బై ఆరులో ఆమెకి పదిహేనేళ్లు. జనవరిలో తల్లీకూతుళ్లు పిన్ని ఇంటికి వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చారు. పైగదిలో, వాళ్లు రత్నం అని పిలిచే వెంకటరత్నం, బల్ల ముందు కూర్చున్నట్టే ఉన్నారు. ఎదురుగా సగం రాసిన ఉత్తరం. ఆయన ముందు నోట్‌బుక్‌లో చిత్తు రాసుకుని, తర్వాత దాని మీదే పల్చటి మంచి కాగితం పెట్టి ఎత్తేవారు.

"ఆ ఉత్తరం పూర్తిచేసి పంపడం ఆయనకి చేయగలిగిన ఆఖరి పని అనుకుంది అమ్మ. చిత్తు చూసి మిగతాది గీసింది. తర్వాత ఇంగ్లిష్ తెలిసినవాళ్లని పట్టుకుని చావు కబురు రాయిద్దామనుకుంది. ఈలోగా మీ వైపునుంచి జవాబొచ్చింది. కవరులో ఏదో ఎండిన పువ్వు పెట్టారు. ఆ పువ్వు చూశాక అమ్మ రాయించలేకపోయింది. అక్కడినుంచి ఉత్తరం వచ్చినప్పుడల్లా, అర్థం తెలియకుండానే, నోట్‌బుక్‌లోని ఏదో ఒక పాత చిత్తు గీసి పంపేది."

"మరి ఎందుకు ఆపారు?"

"టెలిగ్రాం వచ్చింది, ఇంగ్లిష్‌లో. తల్లి చనిపోయిందని. అమ్మ ఆ రోజు పెన్ను కింద పెట్టేసింది."

ఏప్రిల్‌లో ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం ఆశ్రమానికి వెళ్లాను. లోపలికి రానివ్వరు. పెరటివైపు ఒక గది కిటికీ దగ్గర బయట రెండు కుర్చీలు వేశారు. అద్దానికి అవతల ఫ్రౌ హాన్సెన్, చేతిలో ఫోను. ఇవతల నేను, బిర్గిట్. ఆమెకి మతిమరుపు బాగా ముదిరిందని ముందే చెప్పారు. జర్మన్‌లో పలకరించాను. నా మాస్కు వైపు చూసి మొహం తిప్పేసుకుంది. రెండోసారీ అంతే.

ఏమనిపించిందో, "నమస్కారమండీ" అన్నాను.

ఆవిడ నిటారుగా కూర్చుంది. నా వంక చూడలేదు. ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అమ్మకి నమస్కరించి రాయునది. నేనిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమమని తలుస్తాను. చలి ఎక్కువే గానీ నువ్వు కంగారు పడకు. చిన్నక్క మోకాళ్ల నొప్పులు తగ్గాయా..."

స్పష్టమైన తెలుగు. గోదావరి జిల్లా యాస. మాట చివర సాగదీత కూడా అలాగే ఉంది. ఎనభై ఐదేళ్ల జర్మన్ ఆవిడ నోటినుంచి ఎప్పుడో పోయిన మగవాడి మాటతీరు వస్తోంది. ఫోన్ స్పీకరులో పెట్టాను. బిర్గిట్ తన ఫోనులో రికార్డు చేస్తోంది.

"రాసేటప్పుడు ఆయన పైకి చదువుకునేవారు. మా వంటగదిలోకి వినిపించేది, పద్నాలుగేళ్లు" అంది.

ఆవిడ ఉత్తరమంతా చెప్పింది. చివర ఒక్క క్షణం ఆగి, "ఈ ఎండాకాలానికి వస్తానే అమ్మా" అని, ఫోను ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ ఎంత పిలిచినా పలకలేదు.

ఆ రికార్డింగు సుబ్బారావుగారికి పంపాను. సాయంత్రం ఫోన్ చేశారు.

"వాడి గొంతు కాదు, కానీ వాడే" అన్నారు. "ఆ చివరి మాట మాకు రాలేదమ్మా. ఎండాకాలానికి వస్తానని ఏ ఉత్తరంలోనూ లేదు."

నిజమే, నేనూ ఎక్కడా చూడలేదు. బిర్గిట్‌ని అడిగితే నోట్‌బుక్ తీసి ఆఖరి పేజీ ఫోటో పంపింది. ఆ వాక్యం ఉంది. దాని చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత. వీళ్లు పిన్ని ఇంటికి వెళ్లేముందు రాత్రి భోజనాల దగ్గర రత్నం ఆ వాక్యం చూపించి, వేసవిలో ఇంటికి వెళ్తున్నానని అర్థం చెప్పారట. అర్థం తెలిసిన ఆ ఒక్క వాక్యాన్ని ఫ్రౌ హాన్సెన్ ఎప్పుడూ పంపలేదు. ఆ మాట నిలబెట్టడం తనవల్ల కాదు కదా.

"నలభై ఏళ్లు వాడిని రాయిగుండె వాడనుకున్నాను" అన్నారు సుబ్బారావుగారు. "చిన్నక్క పోయిందన్నా కదలనివాడని తిట్టుకున్నాను. అప్పటికి వాడు లేడు."

"ఆవిడ మీద కోపంగా ఉందాండీ?" అని అడిగాను.

"ఉంది" అన్నారు వెంటనే. మళ్లీ ఆయనే, "మా అమ్మ వాడి ఉత్తరాలు దిండు కింద పెట్టుకుని పోయింది. ఇంక కోపం ఏం చేసుకోను?" అన్నారు.

తిథి సంగతి మిగిలింది. మూడు రోజుల్లో ఏ రోజో రికార్డు చెప్పదు, ఇంకెక్కడా దొరకదు అని చెప్పాను. పురోహితుడు ఏదో ఒక తిథి ఎంచుకోవచ్చన్నాడట. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. 1976 నాటి ఆ మూడు తేదీల తిథులూ లెక్క కట్టించి, 2022లో మూడు రోజులూ ఆబ్దికం పెట్టారు. మూడో రోజు వసుంధరగారు వీడియో కాల్ చేశారు. సుబ్బారావుగారు కర్మంతా కుర్చీలో కూర్చునే చేశారు, ఆయాసం ఉంది. "అయిందమ్మా" అని మాత్రం అన్నారు.

ఈ కేసు దాకా నేను మరణ రికార్డులో పేరు, తేదీ, స్థలం చూసి, అనువదించి, ముద్ర వేసి పంపేసేదాన్ని. ఆఖరి ఉత్తరం ఉంటే అప్పటిదాకా మనిషి ఉన్నట్టే అనుకుని అక్కడినుంచి వెతికేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. ఆఖరి ఉత్తరానికి వెనకటి సంవత్సరాలు ముందుగా వెతుకుతాను. నకలు చేతికి రాగానే కబురు ఇచ్చినవారి పేరు దగ్గర ఆగుతాను. వాళ్లు బతికున్నారా అని ఒకసారి విచారిస్తాను. చాలాసార్లు ఉండరు. ఉన్నచోట మాత్రం ఆ పోయినవారి పేరు చెప్పగానే, ఎందుకు చేశానో చెప్పకముందే, కొందరు ఏడుస్తారు.