గల్లీకి పేపరు చదివిన పెద్దమ్మ

పోయిన వారం మా పెద్దమ్మ కరోనాతో పోయింది. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది, అంతే. ఆఖరి చూపు కూడా దక్కలేదు. చుట్టరికానికి ఆమె నాకు ఏమీ కాదు, సూరత్ నవాగామ్‌లో మా పక్కింటావిడ. కానీ తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్న మా గల్లీకంతటికీ ఆమె పెద్దమ్మే.

మగవాళ్ళు పనికి పోయాక మేము ఆమె గదిలో చేరి కూలికి చీరలకు మెరుపు రాళ్ళు అతికించేవాళ్ళం. ఆమె మాత్రం గోడకు ఆనుకుని, హిందీ పేపరు తీసి, తెలుగులో చెబుతూ చదివేది. చదివినంతసేపూ ఆమె చేతులు ఖాళీ కాబట్టి ఆమె వంతు చీరను మేమే తలా కాస్త అతికించి పూర్తి చేసేవాళ్ళం. కొత్తగా వచ్చిన ఒకామె దీనికి మూతి ముడిస్తే, “చేతులకు కూలి ఉంటది గని నోటికి ఉండదా ఏంది?” అంది పెద్దమ్మ. నెల తిరక్కుండానే ఆ కొత్తామె ఢిల్లీ సంగతులు అడిగి మరీ చెప్పించుకునేది.

ఎన్నికల కాలంలో ఆ గది చూడాలి. నాయకుల హామీలను ఆమె రెండుసార్లు చదివేది, రెండోసారి మరీ నెమ్మదిగా. ఆ నెమ్మదికే మాకు నవ్వాగేది కాదు. ఏ వార్త చదివినా చివర్లో ఒకటే ప్రశ్న: “ఇది ఆయన అన్నడా, పేపరోడు అన్నడా?” అది తేలందే పేజీ తిప్పేది కాదు. తన ఓటు ఎవరికో మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. తిండికి కటకట. మమ్మల్ని ఊళ్ళకు పంపండని మగవాళ్ళు రోడ్డెక్కారు, వాళ్ళలో పెద్దమ్మ భర్త కూడా ఉన్నాడు. ఎవరో రెచ్చగొడితే బయటి రాష్ట్రాల కూలీలు గొడవకు దిగారని మర్నాడు పేపర్లో వచ్చింది. మా గల్లీ పేరు కూడా వేశారు. అది చూసి ఇళ్ళ ఓనర్లు, గొడవలు చేసేవాళ్ళు మాకొద్దు, గదులు ఖాళీ చేయండన్నారు. రైళ్ళు లేవు, బస్సులు లేవు, ఎక్కడికి పోవాలి?

పెద్దమ్మ తన గడప మీద నిలబడి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఎవరి గడప మీద వాళ్ళం నిలబడ్డ మాకు ఆ వార్తంతా గట్టిగా చదివి వినిపించింది. చదివి, “మనల ఒక్కరినన్న అడిగిన్రా? అడగకుంటే మనమే చెప్పాలె” అంది.

పేపరు అడుగున ఉన్న నంబరుకు రోజూ పొద్దున్నే ఫోను చేసేది. సారు లేడనేవాళ్ళు. మర్నాడు మళ్ళీ చేసేది. ఆమెది ఉడుం పట్టు. చివరికి ఒక విలేకరి దొరికాడు. స్పీకరు పెట్టి మమ్మల్ని మాట్లాడమంటే, మేము అలవాటు కొద్దీ పెద్దమ్మే చెప్తుంది అన్నాం. ఇన్నేళ్ళూ ఆమె నోటితోనే లోకాన్ని విన్నవాళ్ళం మరి. ఆమెకు కోపం వచ్చింది.

“నేను చదివెటిదాన్నే. మీ ఆకలి నేనెట్ల చెప్త? ఎవరి పేరు వాళ్ళు చెప్పి, ఎవరి మాట వాళ్ళు చెప్పుండ్రి.”

ఆ ఫోను గడప గడపకూ తిరిగింది. వచ్చీరాని హిందీలో, తడబడుతూనే, అందరం చెప్పాం. ఎవరూ రెచ్చగొట్టలేదు, ఆకలే రోడ్డెక్కించిందని లోపలి పేజీలో మా పేర్లతో సహా వచ్చింది. ఆ పేపరు పట్టుకుని ఆమె ఓనర్ల ఇళ్ళకు తనే పోయింది. మా గల్లీలో ఎవరి సామానూ బయట పడలేదు. ఆమె మేలు మేము మరిచేది కాదు.

ఆమె పోయిన మర్నాడు, నగరంలో ఆస్పత్రి బెడ్లకు కొదవ లేదని ఒక పెద్దమనిషి అన్నట్టు పేపర్లో వచ్చింది. అత్తను ఆటోలో పడుకోబెట్టుకుని బెడ్ దొరికేదాకా ఆస్పత్రి ఆస్పత్రికీ తిరిగిన పెద్దమ్మ కోడలు అది చదివింది. మా ముందు ఏనాడూ గొంతెత్తి మాట్లాడని పిల్ల. కళ్ళు తుడుచుకుని పేపరు ఆఫీసుకు ఫోను కలిపింది. మేమంతా గడపల మీదికి వచ్చాం. హిందీలో ముందు తన పేరు చెప్పింది, ఆ తర్వాత అత్త పేరు చెప్పింది, రాసుకోమంది. అవతలి మనిషి కాగితం వెతుక్కునేదాకా, ఫోను చెవికి నొక్కిపెట్టుకుని, గుమ్మంలో అలాగే నిలబడి ఉంది.