మీ ఇంట్లో తుపాకీ ఉందా అని అడగమన్న టీచరమ్మ

మా పక్కింటి అమెరికన్ టీచరమ్మ పోయిన మంగళవారం ఆసుపత్రిలో కన్నుమూశారు. కబురు చెప్పడానికి వాళ్ళబ్బాయి మా తలుపు తట్టేసరికి నేను చారుకి పోపు పెడుతున్నాను. స్టవ్ కట్టేసి వచ్చాను. అతని చేతిలో అప్పుడే పోస్టుడబ్బాలోంచి తీసిన కవరు ఒకటి ఉంది. తుపాకుల మీద ఏ చట్టమూ వద్దనే తుపాకుల సంఘం వాళ్ళది. టీచరమ్మ భర్త పేరు మీద వచ్చింది. ఆయన పోయి పదేళ్ళు దాటింది. "మీ తుపాకులు లాక్కోబోతున్నారు, వెంటనే చందా పంపండి" అని కవరు మీదే ఎర్రగా అచ్చేసి ఉంది.

"అమ్మ ఉంటే దీన్ని ఏం చేసేదో మీకు తెలుసు," అన్నాడతను.

తెలుసు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మూడో క్లాసు పిల్లల కాపీలు దిద్దినట్టు ఎర్ర పెన్సిలుతో దిద్దేవారు. "ఇది అబద్ధం", "ఇది సగం నిజం", "ఎవరు చెప్పారు?" అని అంచుల్లో రాసి, స్టాంపు అంటించి వాళ్ళకే తిప్పి పంపేవారు. ఆయన చనిపోయారని కూడా ప్రతిసారీ రాసేవారు. అయినా మళ్ళీ వచ్చేది. తుపాకులకి హద్దు ఉండాలనే తమ పక్షం వాళ్ళ కరపత్రాలనూ వదిలేవారు కాదు. "మన వాళ్ళు ఏడిపించడానికి చూస్తారు, వివరం చెప్పరు," అని వాటినీ దిద్దేవారు.

మేము కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఇల్లు కొనుక్కుని దిగిన కొత్తలో మా అమ్మాయి ఒక సాయంత్రం వాళ్ళింటికి ఆడుకోవడానికి వెళ్ళింది. కాసేపటికి టీచరమ్మే దాన్ని చేయి పట్టుకుని తీసుకొచ్చారు. ఏం అల్లరి చేసిందో అనుకున్నాను.

"మీరు నన్ను ఏమీ అడగలేదు," అన్నారు.

"ఏం అడగాలండీ?"

"మా ఇంట్లో తుపాకీ ఉందా అని. ఉంది. నా భర్త జింకల వేటకి వాడింది. తాళంలో ఉంది. వచ్చి చూసుకోండి, ఆ తరవాతే పిల్లని పంపండి."

వెళ్ళి చూశాను. ఇనప బీరువా, దానికి తాళం, తూటాలు ఇంకో గదిలో. ఏ వస్తువుకి ఆ చోటు ఉండాలనుకునే నాకు ఆ అమరిక బాగా నచ్చింది. కానీ ఆ ప్రశ్న మాత్రం నా నోట రాదనిపించింది. ఒకరింటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కోకముందే మీ ఇంట్లో ఏమున్నాయని ఎలా అడుగుతాం? పేరు పెట్టి పిలవమంటే అదీ నాకు చేతకాక "టీచర్" అనేదాన్ని. "నీకు నేను పాఠం ఎప్పుడు చెప్పాను?" అని నవ్వేవారు.

చేతి తుపాకులన్నీ రిజిస్టర్ చేయించాలి, కొత్తవాటికి హద్దు పెట్టాలి అని మా రాష్ట్రంలో ఓటుకి పెట్టిన ఏడాది ఆవిడ ఇల్లిల్లూ తిరిగారు. నాకు ఇంకా పౌరసత్వం రాలేదు, ఓటు లేదు. అయినా సాయంత్రాలు మంచినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని. ఎంత విసుగు పుట్టేదో చెప్పలేను. టీవీ పెడితే చాలు, ఆ ప్రకటనలే. ఒకతను తలుపు సగమే తీసి, "ఇవాళ రిజిస్టర్ అంటారు, రేపు లాక్కుంటారు," అన్నాడు.

"నువ్వు ఈ చట్టం చదివావా?"

"చదవక్కర్లేదు."

"నా క్లాసులోనూ నువ్వు అంతే. పాఠం చదవకుండానే చెయ్యెత్తేవాడివి," అన్నారు టీచరమ్మ. అతను ఎర్రబడి తలుపు పూర్తిగా తీసి కరపత్రం తీసుకున్నాడు. ఓటు వేశాడో లేదో దేవుడికెరుక.

మా ప్రాంతపు శాసనసభ్యుడి ఆఫీసుకీ వెళ్ళాం. ఆయన రెండు చేతులతో ఆవిడ చేయి పట్టుకుని, "మేడమ్, మనసులో నేను మీ వైపే," అన్నాడు. "కానీ మీ వాళ్ళకి నేను ఎన్నికలప్పుడే గుర్తొస్తాను. తుపాకుల సంఘం వాళ్ళు వారం వారం వస్తారు. నా ఎన్నికల ఖర్చుకి చెక్కులూ ఇస్తారు."

బయటికి వచ్చి కారు తాళం వెతుక్కుంటూ టీచరమ్మ, "మనసులో మన వైపేనట! మనసుకి ఓటు ఉందా?" అని గొణుక్కున్నారు. అంతలోనే, "జింక కోసం చలిలో రోజంతా కూర్చునేవారు మా ఆయన. ఫారం నింపడానికి పావుగంట ఓపిక ఉండదా మగవాళ్ళకి?" అన్నారు.

ఓటింగుకి వారం ముందే దసరా వచ్చింది. మా వారి స్నేహితుడు, నేను అన్నయ్యగారూ అని పిలిచే ఆయన, హైవే పక్కన మోటెల్ నడిపేవారు. పూజ వాళ్ళింట్లో. మా పిల్లలు ప్రతి వారాంతం ఆడుకునేదీ ఆ ఇంట్లోనే. టీచరమ్మని నేనే తీసుకెళ్ళాను. చెప్పులు విప్పి, పేపరు ప్లేటులో పులిహోర పెట్టించుకుని, అమ్మవారి ముందు పేర్చిన ఆయుధాలు చూస్తున్నారు. కారు తాళాలు, స్క్రూడ్రైవర్లు, క్యాలిక్యులేటరు, కత్తిపీట. వాటి మధ్య పసుపూ కుంకుమా పెట్టిన పిస్తోలు. చుట్టూ పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"అందులో తూటాలు ఉన్నాయా?" అన్నారు టీచరమ్మ.

"ఉన్నాయి మేడమ్. రాత్రిళ్ళు మోటెల్ డెస్క్‌లో నేనొక్కణ్ణే. ఖాళీది పెట్టుకుని ఏం చేసుకోను?" అని నవ్వారు అన్నయ్యగారు.

టీచరమ్మ ప్లేటు కింద పెట్టేశారు. "పిల్లలూ, లేవండి. లైన్‌గా పెరట్లోకి," అన్నారు. ఆ గొంతు వింటే ఎవరైనా లేస్తారు. ఒక్కరూ ఎదురు చెప్పకుండా వెళ్ళిపోయారు. తరవాత, "దయచేసి తూటాలు తీసి తాళం వేయండి," అన్నారు.

అన్నయ్యగారి మొహం మాడిపోయింది. తెలుగులోకి దిగారు. "చెల్లెమ్మా, ఆవిడకి చెప్పు. పూజలో పెట్టిన ఆయుధాన్ని రేపు ఉద్వాసన అయ్యేదాకా కదపకూడదు. మా ఇంట్లో తరతరాల ఆచారం."

అంటే ఆ రాత్రంతా, పండక్కి వచ్చిన పిల్లలంతా పడుకోబోయే ఇంట్లో, అది అలాగే ఉంటుంది. ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పాను. టీచరమ్మ ఎవరినీ తిట్టలేదు. "అయితే రేపటిదాకా నేనిక్కడే కూర్చుంటాను," అని పీట లాక్కుని పిస్తోలు పక్కనే కూర్చున్నారు.

"ఇదేం గోలండీ! మీ ఎలక్షన్ మా ఇంట్లోకి ఎందుకు తెస్తారు?" అన్నారు అన్నయ్యగారు.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన, ఆయన భార్య, చేయి తుడుచుకుంటూ వచ్చింది. అక్షతలు తీసుకుంది. "ఉద్వాసన ఇప్పుడే చెప్తున్నా. అమ్మవారు ఏమైనా అంటే నన్ను అంటుంది," అని పిస్తోలు మీద చల్లింది. "తీయండి తూటాలు."

"నీకు మతిపోయిందా?"

"ఉంది కాబట్టే చెప్తున్నా. తీయండి."

తీశారు. ఆపైన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. "ఆ ముసలావిడని ఎందుకు తీసుకొచ్చిందయ్యా?" అని మా వారి దగ్గర ఒకటే సణుగుడు. మర్నాడు టీచరమ్మ హార్డ్‌వేర్ షాపులో చిన్న ఇనప పెట్టె కొని, వాళ్ళ గుమ్మంలో పెట్టి, బెల్లు కూడా కొట్టకుండా వచ్చేశారు. పిస్తోలు అందులోకి వెళ్ళింది. తాళంచెవి వదిన తన మంగళసూత్రానికి, పిన్నీసుల పక్కన తగిలించుకుంది. అన్నయ్యగారు మోటెల్‌కి వెళ్ళేటప్పుడు అడిగి తీసుకోవాలి, వచ్చాక అప్పగించాలి.

ఓటింగులో ఓడిపోయాం, అదీ చిత్తుగా. తెల్లారి టీచరమ్మ పచ్చికలో పాతిన ప్రచారపు బోర్డు పీకబోతే అది రాలేదు. కాలితో ఒక తన్ను తన్ని, "ఊరంతా తిరిగితే నాకు దక్కింది ఒక పెట్టె!" అన్నారు. నేనిచ్చిన కాఫీ తాగి మళ్ళీ పీకడం మొదలుపెట్టారు. తరవాత కొన్నేళ్ళకి మనకి ఢిల్లీ ఎలాగో ఇక్కడ అలాంటి వాషింగ్టన్‌లో పెద్దలు చేయాల్సింది చేయకపోగా, ఉన్న తుపాకుల చట్టాన్నే సడలించారు. ఆవిడ కొత్త ఎర్ర పెన్సిలు చెక్కుకున్నారు.

అంత్యక్రియలకి అన్నయ్యగారు, వదిన వచ్చారు. ఆయన కోటు వేసుకుని వెనక వరసలో తల వంచుకుని నిలబడ్డారు. వదిన పట్టుచీరలో ముందుకు వెళ్ళి, చామంతులు పెట్టడానికి శవపేటిక మీదికి వంగింది. కొంగు చాటునున్న మంగళసూత్రం జారి ముందుకొచ్చింది. దాని చివర ఉన్న తాళంచెవి పేటిక చెక్కకి తగిలి టక్కుమంది. వదిన దాన్ని వెంటనే లోపలికి వేసుకోలేదు. పూలు సర్దుతూ అలాగే వంగి ఉంది. ఆ చిన్న తాళంచెవి చెక్క మీద అటూ ఇటూ ఊగుతూనే ఉంది.