సముద్రంలో మూడు మునకలు

పుదుచ్చేరిలో ఫ్రెంచి దొరల కాలపు మునిసిపల్ సభ్యుడు సుబ్బరాయలు నాయుడు, రోజూ అద్దం ముందు మీసం దువ్వుకుంటూ "మనుషులంతా ఒకటే" అని గొంతు సవరించుకున్నాకే గడప దాటేవాడు. ఎన్నికల ముందురోజు, జాలర్లుండే వైతికుప్పంలో చేపలమ్మే పూంగావనం ఇంట్లో నేలమీద కూర్చుని, పులుసు మెచ్చుకుంటూ అన్నం తిన్నాడు. బయటికి రాగానే అంటు పోవాలని, ఇల్లు చేరేదాకా ఆగలేక, కోటుతోనే సముద్రంలో మూడు మునకలేశాడు. తలెత్తేసరికి ఒడ్డున పూంగావనం, ఆయన మరిచిపోయిన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది నాయుడయ్యా, మా ఇంట్లో తిన్నందుకా ఈ మునక?"

"లేదమ్మా, ఒకటే ఉక్క!"

"కోటేసుకునా?"

కుప్పంలో ఆయనకి ఒక్క ఓటూ పడలేదు. నాయుడు ఓడిపోయాడు.

"యాడ తప్పు జరిగిందో!" అంది భార్య వేదవల్లి.

"నేను ఆ కుప్పంలో పుట్టుంటే నాకు నేనే ఓటేసేవాణ్ణి కాదులేవే," అని నాయుడు పగలబడి నవ్వాడు. వేదవల్లి నవ్వలేదు. ఆయన నవ్వు మెల్లగా ఆగిపోయింది.