ఒప్పుకోలుకు సన్మానం

నేరం ఒప్పుకున్న మనిషికి, ఒప్పుకున్నందుకే సన్మానం చేయడం నేను జీవితంలో ఒక్కసారే చూశాను. డబ్లిన్ శివారులో క్లోనీ అనే ఊళ్లో ఒక కమ్యూనిటీ హాలు, ఉగాది వేడుక. మా అమ్మాయి డ్యాన్సు ఉంది కాబట్టి వెళ్లాను. లేకపోతే ఆ మొహం చూడటానికి పెట్రోలు కూడా దండగే.

వేదిక మీద కూర్చున్న మహానుభావుడు మన తెలుగువాడే. డబ్లిన్‌లో స్థిరపడి, గుడిలో పూజ జరిగినా, క్రికెట్ పోటీ జరిగినా ఫొటోలో మధ్యన దూరి, అలా దూరీ దూరీ కౌన్సిలర్ అయినవాడు. అంతకుముందు చలికాలంలో, చీకటి పడుతున్న వేళ, క్లాండాల్కిన్‌లో సైకిల్ మీద వస్తున్న ఒక అమ్మాయిని కారుతో గుద్ది ఆగకుండా వెళ్లిపోయాడు. తాగి ఉన్నాడా అంటే తేలలేదు. గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, దొరికింది మర్నాడు కదా! ఒక దుకాణం కెమెరాలో ఆయన కారు కనిపించింది గానీ, గుద్దడం చూసింది మాత్రం ఆ అమ్మాయి ఒక్కతే.

ఆ అమ్మాయి మా ఇంట్లోనే చిన్న గది అద్దెకు తీసుకుని ఎంఎస్సీ చదువుతోంది. కరీంనగర్ వైపు పిల్ల. కాలిలో రాడ్డు వేశారు. ఇంట్లోవాళ్లకు మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. నిజం తెలిస్తే చదువు మానిపించి వెనక్కి రమ్మంటారని భయం. కోర్టు అన్న మాట వింటేనే ఆ పిల్లకు అన్నం సహించేది కాదు. కౌన్సిలర్ కోర్టులో తప్పు ఒప్పుకున్నాడని తెలిసిన రోజున మా వంటింట్లో కూలబడి ఏడ్చింది. ఇక తను బోనెక్కి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఆయనకు శిక్ష ఎంతో తేల్చడం ఒక్కటే మిగిలింది.

ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందనీ, పేపర్లవాళ్ల కంట పడకుండా పని అయిపోతుందనీ ఆయన ఎత్తు. పేపర్లో పడనే పడింది. అప్పుడు సంఘం పెద్దల బుర్రలో పుట్టిందే ఈ సన్మానం. వెనకాల 'నిజాయితీకి నిలువుటద్దం' అని బ్యానరు. మనవాళ్లకు శాలువా చేతికొస్తే ఎవరో ఒకరి భుజం మీద వేసేదాకా నిద్ర పట్టదు. వేశారు. దండ వేశారు. జ్ఞాపిక ఇచ్చారు. కాలు విరిగిన పిల్ల ఎలా ఉందని మాటవరసకైనా ఒక్కరూ అడగలేదు.

ముఖ్య అతిథిగా ఆయన పార్టీకి చెందిన ఐరిష్ పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఆయనకు అర్థం కావాలని కౌన్సిలర్ ఇంగ్లీషులోనే దంచాడు. లాయరు పోరాడదామన్నాడట, ఈయనే వద్దన్నాడట. తననెవరూ బలవంతపెట్టలేదట. ఏం చేశాడో, ఏం ఒప్పుకున్నాడో అంతా పూర్తిగా తెలిసే ఒప్పుకున్నాడట. హాలంతా చప్పట్లు. మా అమ్మాయి నా చెవి దగ్గరకు వచ్చి, "మామ్, వాట్ డిడ్ హీ విన్?" అంది.

పార్టీ పెద్దమనిషి చప్పట్లయితే కొట్టాడు గానీ, నేరం రుజువైనవాణ్ని పార్లమెంటు ఎన్నికల్లో నిలబెట్టలేమని తర్వాత తాపీగా చెప్పాడు. అంతే, మన నిలువుటద్దం ప్లేటు ఫిరాయించింది. ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటానని, విచారణ మొదటినుంచీ జరపాలని కోర్టులో అర్జీ పెట్టుకున్నాడు. విచారణంటూ జరిగితే కేసంతా ఆ పిల్ల నోటి మాట మీదే నిలబడాలి. సంగతి తెలిసిన రోజునుంచీ ఆమె మళ్లీ కంచం ముందు కూర్చుని లేచిపోవడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం కౌన్సిలర్ మిఠాయి డబ్బా పట్టుకుని, సంఘం అధ్యక్షుణ్ని వెంటేసుకుని మా ఇంటికి ఊడిపడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ పిల్ల మన పిల్లే. కాదన్నానా? కానీ సైకిల్‌కి లైటు లేదమ్మా. ఆ మసకలో ఎవరికైనా ఏం కనపడుద్ది? సరిగ్గా గుర్తులేదని ఒక్క మాట అనమను. ఆ పిల్లకీ కోర్టు గొడవ తప్పుద్ది" అన్నాడు.

"మరి తప్పు నాదేనని మీరే అన్నారుగా?"

"ఆ రోజు ఏకాదశి. ఉపవాసం. పచ్చి మంచినీళ్లు ముట్టలా. కళ్లు తిరుగుతున్నయ్, లాయరు ఏదనమంటే అదనేశా."

అధ్యక్షుడు అందుకున్నాడు. "నేను చూశానండీ, పాపం వణికిపోయారు. కోర్టులో కూడా చెప్తాను."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లను గుద్దింది చాలక దేవుణ్ని కూడా కేసులోకి ఈడ్చాడు. మిఠాయి డబ్బా ఆయన చేతిలోనే పెట్టి, "దయచేయండి. ఇంకోసారి ఈ గడప తొక్కితే గార్డులను పిలుస్తాను" అన్నాను. చెల్లెమ్మ అన్న పిలుపు అక్కడితో ఆగిపోయింది. నా సంగతి చూస్తానన్నాడు. వాళ్లు వెళ్లాక తలుపేసి తిరిగితే, ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. అంతా విన్నది.

"లైటు ఉండె ఆంటీ" అంది మెల్లగా.

సన్మానం వీడియో సంఘం పేజీలో ఇంకా అలాగే ఉంది. కాస్త బుర్ర ఉన్నవాడెవడైనా అర్జీ పెట్టేముందు దాన్ని తీయించేస్తాడు. కానీ తనను పొగిడిన వీడియో తీసేయడానికి ఇలాంటివాళ్లకు చేతులు రావు. కేసు చూస్తున్న గార్డుకు ఆ లింకు పంపాను, వాళ్లు మా ఇంటికి వచ్చి అడిగిందేమిటో కూడా చెప్పాను.

అర్జీ విచారణకు ఆ పిల్లను ఎవరూ రమ్మనలేదు. అయినా వస్తానని పట్టుబట్టింది. కోర్టులో ఆయన లాయరు ఏకాదశి అంటే ఏమిటో జడ్జి గారికి శ్రద్ధగా వివరించాడు. కౌన్సిలర్ నీరసం నటిస్తూ, ఒత్తిడి చేసి ఒప్పించారన్నాడు. పైగా ఆ సైకిల్‌కు లైటే లేదన్నాడు. నా పక్కన ఆ పిల్ల బెంచీ అంచును గట్టిగా పట్టుకుంది. తర్వాత ప్రభుత్వం తరఫు లాయరు వీడియో వేసింది. తననెవరూ బలవంతపెట్టలేదని కౌన్సిలర్ గొంతే కోర్టంతా వినిపించింది. చప్పట్లు మోగేసరికి, ఈయన అలవాటు కొద్దీ చేతులు జోడించబోయి సగంలో ఆగాడు. అంత నీచాన్ని నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఉపవాసం సంగతేమోగానీ, మనిషికి తనేం ఒప్పుకుంటున్నాడో బాగానే తెలుసని చెప్పి జడ్జి అర్జీ కొట్టేసింది.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. లువాస్ ట్రామ్ ఎక్కి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "మొత్తం మనసుల పెట్టుకొని వచ్చిన ఆంటీ. ఒక్కరు సుత అడగలే" అంది.

"నన్ను అడగమంటావా?"

తలూపింది. జడలోంచి చెదిరిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఆ రోజు నీ సైకిల్‌కి లైటు ఉందా?" అని అడిగాను.

"ఉన్నది" అంది. పెట్టెలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూసేంత గట్టిగా అంది. "ముందట ఒకటి, ఎనుక ఒకటి. రెండూ ఎలుగుతున్నయ్. ఆయన నన్ను చూసిండు."